ఓడ వెనక వైపు బాల్కనీ క్యాబిన్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రూయిజ్ బుక్ చేస్తూ క్యాబిన్ల జాబితా చూస్తుంటే ‘ఆఫ్ట్ బాల్కనీ’ (ఓడ వెనక వైపు బాల్కనీ) దగ్గర చాలామంది ఆగిపోతారు. ఓడ వెనక తెల్లగా పరుచుకున్న నురుగు దారి, వెడల్పాటి బాల్కనీ, అందులో రెండు కుర్చీలు ఉన్న ఫొటో చూస్తే మనసు లాగుతుంది. ఇంతలో వెనక వైపు ఊపు ఎక్కువట, మసి పడుతుందట, రాత్రంతా అదురుతుందట అని ఎక్కడో విన్నది గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. ఈ రెండింటిలోనూ నిజం ఉంది. ఏది మీ వాటాకు వస్తుందన్నది చాలావరకు క్యాబిన్ నంబరు మీద ఆధారపడుతుంది. ఒకే ఓడలో ఒకే రేటుకు అమ్మే రెండు వెనక క్యాబిన్లలో ఒకటి ప్రయాణానికే అందం తెస్తుంది, ఇంకొకటి నిద్ర చెడగొడుతుంది. కాబట్టి రకం చూసి డబ్బు కట్టకండి, నంబరు చూసి కట్టండి. కింది జవాబులన్నీ ఆ నంబరు పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే.

వెనక బాల్కనీ అంటే సరిగ్గా ఏ క్యాబిన్?

అమ్మేవాళ్లు ఈ మాట కింద మూడు రకాలు కలిపేస్తుంటారు. మొదటిది, బాల్కనీ పూర్తిగా వెనక్కి తిరిగి ఉండే క్యాబిన్. తలుపు తీస్తే ఎదురుగా ఓడ దాటొచ్చిన సముద్రమే ఉంటుంది. రెండోది, వెనక మూలలో ఉండే క్యాబిన్. దీని బాల్కనీ కొంత వెనక్కి, కొంత పక్కకి చుట్టుకుని ఉంటుంది. మూడోది, ఓడ చివరి భాగంలో ఉన్నా పక్కకే చూసే మామూలు బాల్కనీ. వెనక ఉన్నందువల్ల వచ్చే ఊపు, అదురు దీనికీ ఉంటాయి, వెనక దృశ్యం మాత్రం ఉండదు. క్యాబిన్ వివరాల్లో ‘ఆఫ్ట్’ అని కనబడినంత మాత్రాన మొదటి రకం అనుకోవద్దు. డెక్ ప్లాన్ (ఒక్కో డెక్, అంటే అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) తెరిచి, మీ క్యాబిన్ బాల్కనీ ఓడ పొడుగాటి పక్క గీత మీద ఉందా, చివర అడ్డంగా ఉన్న పొట్టి గీత మీద ఉందా చూడండి. పొట్టి గీత మీద ఉంటేనే అది అసలైన వెనక బాల్కనీ.

పక్క బాల్కనీలో లేనిది ఇందులో ఏముంది?

పక్క బాల్కనీలో కూర్చుంటే సముద్రంలో ఒక సగమే కనిపిస్తుంది. తీరం అవతలి వైపు ఉంటే రోజంతా నీళ్లే. వెనక బాల్కనీలో కుడి ఎడమలు రెండూ కళ్ల ముందుంటాయి. సన్నటి జలమార్గాల్లో ఈ తేడా చాలా పెద్దది. నార్వే ఫియోర్డుల్లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయల్లో) రెండు గట్ల కొండలూ ఒకేసారి కనిపిస్తాయి. పనామా కాలువలో మీరు దాటొచ్చిన లాకు గేట్లు (నీటిమట్టాన్ని పెంచి తగ్గించే తొట్టి తలుపులు) వెనక మూసుకోవడం, నీటిమట్టం మారడం కుర్చీలోంచి లేవకుండా చూడొచ్చు.

ఇక రేవు వదిలే వేళ. చాలాసార్లు ఆ గంటలో ఓడ మొత్తంలో మంచి చోటు వెనక బాల్కనీయే అని నా నమ్మకం. పైడెక్కుల మీద అందరూ రెయిలింగ్ దగ్గర చోటు కోసం తోసుకుంటుంటే, మీ ముందు ఊరు మొత్తం ఒక్క చట్రంలో నిలబడి మెల్లగా చిన్నదవుతుంది. పక్క బాల్కనీకి ఊరు కొద్దిసేపు కనబడి జారిపోతుంది. వెనక బాల్కనీకి దీపాలు చుక్కలయ్యేదాకా ఉంటుంది.

పైగా చాలా ఓడల్లో ఈ బాల్కనీలు పక్కవాటికంటే లోతుగా ఉంటాయి. పడక కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకునేంత చోటు దొరుకుతుంది. లోపలి గది మాత్రం సాధారణంగా పక్క క్యాబిన్ అంతే ఉంటుంది. అదనంగా కట్టేది బయటి చోటు కోసమే.

ఊపు నిజంగానే ఎక్కువా?

ఔను, ఒక రకమైన ఊపు ఎక్కువే. దాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే సగం భయం పోతుంది.

సముద్రంలో ఓడ ముఖ్యంగా రెండు రకాలుగా ఊగుతుంది. ఒకటి పక్కలకు ఒరగడం, రెండోది ముందు వెనకలు లేచి పడడం. పక్కలకు ఒరగడాన్ని తగ్గించడానికి పెద్ద ఓడలకు నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి బాగానే పనిచేస్తాయి. ముందు వెనకల ఊపును అవి ఆపలేవు. ఓడ పొడవు తూగుడు బల్ల అనుకుంటే నడుమ కూర్చున్నవాళ్లకు కదలిక తక్కువ, రెండు కొసల మీద కూర్చున్నవాళ్లకు ఎక్కువ. వెనక క్యాబిన్ ఒక కొస. అలలను చీల్చుకుంటూ వెళ్లేటప్పుడు ముక్కు భాగం పడే దెబ్బ దీనికి ఉండదు కాబట్టి బాగా ముందున్న క్యాబిన్ కంటే నయం, ఓడ మధ్యలో ఉన్న క్యాబిన్ కంటే కష్టం.

డెక్ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పక్కలకు ఒరిగే ఊపు ఎక్కువగా తెలుస్తుంది. అందుకని బాగా వెనక, బాగా పైన కలిస్తే రెండు ఊపులూ మీవే. ఊపంటే కాస్త భయమున్నా వెనక బాల్కనీ మీద మనసుంటే దిగువ డెక్కుల్లో వెతకండి.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఏ సముద్రం, ఏ కాలం అన్నది. అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్, నార్వే ఫియోర్డుల లోపలి భాగాల్లో ద్వీపాలు, కొండలు అడ్డుండడంతో నీరు చాలావరకు నిలకడగా ఉంటుంది. అక్కడ వెనక క్యాబిన్‌కు ఊపు పెద్ద లెక్కలోది కాదు. చలికాలపు ఉత్తర అట్లాంటిక్, బిస్కే అఖాతం, అంటార్కిటికా దారిలోని డ్రేక్ జలసంధి వేరే కథ. కరీబియన్ మామూలుగా సౌమ్యంగానే ఉంటుంది, కానీ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు అట్లాంటిక్ తుఫానుల కాలమని గుర్తుంచుకోండి.

నాకు బస్సులోనే కడుపులో తిప్పుతుంది. తీసుకోవచ్చా?

మొదటి క్రూయిజ్ అయితే వద్దనే చెబుతాను. ఓడ మధ్యలో, దిగువ డెక్‌లో క్యాబిన్ తీసుకోండి. మీ ఒంటికి సముద్రం ఎలా పడుతుందో తెలిశాక రెండోసారి వెనక బాల్కనీ గురించి ఆలోచించవచ్చు. వెనక దృశ్యం చూడాలంటే చాలా ఓడల్లో అందరూ వెళ్లగలిగే వెనక డెక్ ఉంటుంది, అక్కడికి నడిచి వెళ్లొచ్చు.

ఇప్పటికే బుక్ అయిపోయి ఉంటే కంగారు వద్దు. మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర కంటే ముందు వేసుకున్నదే బాగా పనిచేస్తుంది. ఊపు వచ్చినప్పుడు ఫోన్, పుస్తకం పక్కన పెట్టి, బయట కూర్చుని దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు నిలపండి. ఆ గీత, చల్లగాలి రెండూ బాల్కనీ ఉన్నవాళ్లకు చేతికందే దూరంలోనే ఉంటాయి. అయితే కొందరికి వెనక్కి చూస్తూ ప్రయాణించడమే పడదు. రైల్లో వెనక్కి తిరిగి కూర్చుంటే మీకు ఇబ్బందా? అయితే ఆలోచించుకోండి.

అదురు, చప్పుడు నిద్ర పట్టనివ్వవా?

ఇది ఓడను బట్టి చాలా మారుతుంది. ఓడను నడిపే ప్రొపెల్లర్లు వెనకే, మీ గది కిందే తిరుగుతుంటాయి. పాత పద్ధతి ఓడల్లో ఇంజిన్ గది నుంచి పొడవాటి ఇరుసుల ద్వారా ప్రొపెల్లర్లు తిరుగుతాయి. వేగం పెంచినప్పుడు గ్లాసులు సన్నగా గలగలలాడటం, మంచం మీద పడుకుంటే వీపుకి అదురు తెలియడం వీటిలో ఎక్కువ. తర్వాత ఓడ అడుగున వేలాడే పాడ్‌లో విద్యుత్ మోటార్ పెట్టి దానికే ప్రొపెల్లర్ తగిలించే పద్ధతి వచ్చింది. క్రూయిజ్ ఓడల్లో దీన్ని మొదట అమర్చింది 1998లో వచ్చిన కార్నివాల్ ఎలేషన్‌కు. ఆ తర్వాత కట్టిన పెద్ద ఓడల్లో చాలావాటికి ఇదే ఉంది, వెనక భాగంలో అదురు బాగా తగ్గింది కూడా. బుక్ చేసే ముందు మీ ఓడకు పాడ్లా, ఇరుసులా అన్నది ఒక్క నిమిషం వెతికి చూడండి.

పాడ్లున్నా రేవులో చేరేటప్పుడు చప్పుడు తప్పదు. ఓడ మెల్లగా తిరుగుతూ, వెనక్కి వస్తూ సర్దుకుంటున్నప్పుడు కింద నీళ్లు సుళ్లు తిరుగుతాయి, గది గజగజలాడుతుంది. ఇది తరచు తెల్లవారుజామున జరుగుతుంది. దిగువ డెక్కుల్లో దీనికి ఇంకోటి తోడవుతుంది. ఓడను రేవుకు కట్టేసే తాళ్లు, వాటిని చుట్టే యంత్రాలు వెనక కింది డెక్‌లో ఉంటాయి. దానికి సరిగ్గా పైనున్న క్యాబిన్‌కు అలారం అక్కర్లేదు.

బయట ఎవరూ పెద్దగా చెప్పని చప్పుడు మరొకటి ఉంది. కొత్త ఓడల వెనక భాగం అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఓడ నెమ్మదిగా పోతున్నప్పుడో ఆగి ఉన్నప్పుడో వెనక నుంచి అలలు వస్తే అవి ఆ చదును అడుగును కొట్టి ‘ధడేల్’ మంటాయి. మొదటిసారి విన్నవాళ్లు ఏదో గుద్దుకుందని లేచి కూర్చుంటారు. ప్రమాదమేమీ కాదు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ మాత్రం తీసుకెళ్లండి.

పొగ, మసి బాల్కనీ మీద పడతాయా?

పొగగొట్టం సాధారణంగా ఓడ వెనక సగంలోనే ఉంటుంది. ముందుకు పోతుంటే పొగ వెనక్కే వస్తుంది. కాబట్టి కుర్చీ మీద, రెయిలింగ్ మీద నల్లటి రేణువులు కనబడడం వింత కాదు. పై డెక్కుల వెనక బాల్కనీలకు ఇది ఎక్కువ. వెనక గాలి ఓడ వేగంతో సమానంగా వీచిన రోజు పొగ చెదిరిపోక, ఓడ మీదే మూగుతున్నట్టు ఉంటుంది.

పరిస్థితి మునుపటికంటే మెరుగైంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించింది. మురికి ఇంధనమే వాడేవాళ్లు పొగను కడిగే స్క్రబ్బర్లు పెట్టుకోవాలి. ద్రవ సహజవాయువుతో నడిచే ఓడల్లో మసి బెడద ఇంకా తక్కువ. 2018లో వచ్చిన ఐడానోవా ఈ తరహా మొదటి పెద్ద క్రూయిజ్ ఓడ, ఆ తర్వాత చాలా వచ్చాయి. మసి కనబడితే మీరే తుడవడానికి తంటాలు పడకుండా మీ గది చూసుకునే స్టీవార్డ్‌కు చెప్పండి, తడి గుడ్డతో తుడిపిస్తారు. లేత రంగు బట్టలతో చూడకుండా కూర్చోకండి. ఈత దుస్తులు బాల్కనీలో ఆరేయడం మంచిది కాదు. మసి సంగతి సరే, గాలికి ఎగిరిపోతాయి కూడా, చాలా కంపెనీలు అసలు ఒప్పుకోవు.

గాలి ఎలా ఉంటుంది?

ఇక్కడ వెనక బాల్కనీదే పైచేయి. ఓడ 20 నాట్ల వేగంతో పోతుంటే, బయట గాలి అసలు లేకపోయినా పక్క బాల్కనీకి గంటకు సుమారు 37 కిలోమీటర్ల గాలి తగులుతుంది. వెనక బాల్కనీకి ఓడ మొత్తం అడ్డుగోడ. పక్క బాల్కనీల వాళ్లు టోపీ పట్టుకుని లోపలికి పరుగెత్తే పూట మీరు పేపరు చదువుకోవచ్చు. లంగరు వేసినప్పుడూ ఇంతే: ఒక్క లంగరు మీద ఉన్న ఓడ ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకుంటుంది, వెనక భాగం మరుగున పడుతుంది.

రెండు సందర్భాల్లో ఈ సుఖం ఉండదు. ఓడ వేగాన్ని మించిన గాలి వెనక నుంచి వస్తే అది నేరుగా మీ మీదికే వస్తుంది. మూల క్యాబిన్ అయితే పక్క వైపు భాగంలో గాలి ఈలలు వేస్తుంటుంది.

సూర్యోదయం కనిపిస్తుందా, సూర్యాస్తమయమా?

ఓడ ఎటు పోతుందో దానికి ఎదురు దిక్కు మీది. తూర్పుకు పోతుంటే వెనక పడమర, కాబట్టి సాయంత్రం పండగే. అట్లాంటిక్‌ను అమెరికా నుంచి యూరప్ వైపు దాటే ప్రయాణాల్లో సూర్యాస్తమయం వెనక బాల్కనీకి దొరుకుతుంది. అటు నుంచి ఇటు వస్తే తెల్లవారుజామున లేవాలి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు పోతున్న ఓడకు వెనక బాల్కనీలో రోజంతా ఎండే. చల్లటి ప్రాంతాల్లో అది వరం, ఉష్ణమండలంలో భరించడం కష్టం. దక్షిణం వైపు పోతుంటే నీడ.

రానుపోను ప్రయాణమైతే రెండూ దొరుకుతాయి. ఒకవైపే పోయే ప్రయాణమైతే మ్యాప్ తీసి దిక్కు చూసుకున్నాకే బుక్ చేయండి. వేడి సముద్రాల్లో ఎండ పడే దిక్కయితే, పైన కప్పు ఉన్న బాల్కనీ కావాలా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఏ డెక్‌లో తీసుకుంటే మంచిది?

జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. చాలా ఓడల వెనక భాగం పూర్తిగా నిటారుగా ఉండదు. మెట్లు మెట్లుగా, పైకి వెళ్లేకొద్దీ లోపలికి జరుగుతూ ఉంటుంది. దానివల్ల దిగువ డెక్కుల బాల్కనీలు ముందుకు పొడుచుకొచ్చి లోతుగా ఉంటాయి. చోటు ఎక్కువ. అయితే బాల్కనీలో ముందు భాగానికి కప్పు ఉండదు, పై డెక్కులవాళ్లు వంగి చూస్తే మీ టేబుల్ మీద ఏముందో కనిపిస్తుంది. పై డెక్కుల్లో బాల్కనీ చిన్నదైనా చూపుల బాధ తక్కువ. నిటారు వెనక భాగం ఉన్న ఓడల్లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా వస్తాయి కాబట్టి నీడ, చాటు రెండూ ఉంటాయి, లోతు మాత్రం మామూలే.

డెక్ ప్లాన్‌లో వరుసగా రెండు మూడు డెక్కులను పోల్చి చూడండి. దిగువ డెక్ బాల్కనీ గీత పై డెక్ కంటే బయటికి వస్తే అది మెట్ల తరహా. డెక్ ప్లాన్లు కచ్చితమైన కొలతలతో గీసినవి కావు, అంచనాకు మాత్రమే వాడండి.

నేను పాటించే సూత్రం ఒకటుంది: పైనా క్యాబిన్లే, కిందా క్యాబిన్లే ఉండాలి. వెనక భాగంలో పై డెక్ మీద తరచుగా బఫే, దాని బయటి టేబుళ్లు, కొన్ని ఓడల్లో స్విమ్మింగ్ పూల్ ఉంటాయి. వాటికి సరిగ్గా కింద ఉంటే ఉదయం ఐదింటి నుంచే కుర్చీలు లాగుతున్న చప్పుడు నెత్తి మీదే. కింద వైపు పెద్ద డైనింగ్ హాలో, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు మోగే లౌంజో ఉండొచ్చు. వంటగదికి మీద ఉన్న క్యాబిన్లలో బండ్ల చప్పుడు వినిపిస్తుంది. డెక్ ప్లాన్‌లో పేరు రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు సిబ్బందివి, యంత్రాలవి. వాటి పక్కనున్న క్యాబిన్‌ను కూడా నేనైతే వదిలేస్తాను.

మూల క్యాబిన్‌కు అదనంగా కట్టడం సబబేనా?

బాల్కనీలో గంటలు గంటలు గడిపేవాళ్లకు, నలుగురు కలిసి కూర్చునేవాళ్లకు సబబే. బాల్కనీ చాలా పెద్దది, ఎండ ఒక వైపు వస్తే ఇంకో వైపుకి జరగొచ్చు, ఓడ ముందు ఏముందో కూడా పక్క భాగంలోంచి కొంత కనిపిస్తుంది. వెనక క్యాబిన్లకు ఉన్న అసలు లోటు రాబోయేది కనబడకపోవడమే, దాన్ని ఇది చాలావరకు తీరుస్తుంది. గాలి సంగతి పైన చెప్పాను. కొన్ని ఓడల్లో ఇవి సూట్లుగానే అమ్ముతారు, అప్పుడు ధర ఒక్కసారిగా పెరుగుతుంది. సూట్‌తో వచ్చే మిగతా సౌకర్యాలు మీకు అక్కర్లేకపోతే మామూలు వెనక బాల్కనీతో సరిపెట్టుకోండి.

అన్ని ఓడల్లోనూ వెనక బాల్కనీలు ఉంటాయా?

ఉండవు. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడల్లో (మొదటిది 2009లో వచ్చింది) వెనక భాగం మధ్యలో చీలి ఉంటుంది, అక్కడ నీటి ప్రదర్శనలు జరిగే ఆక్వా థియేటర్ పెట్టారు. అలాంటి ఓడల్లో కొన్ని బాల్కనీలు లోపలి ఖాళీ వైపు చూస్తాయి. సముద్రం కనబడేది కొంచెమే, కింద ఆటపాటల హడావుడి మాత్రం బాగా కనిపిస్తుంది. అది నచ్చేవాళ్లూ ఉన్నారు. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందు ఆ తేడా తెలుసుకోవాలి. నదుల్లో తిరిగే చిన్న ఓడల్లో ఇంజిన్లు వెనకే, దగ్గరగానే ఉంటాయి. వాటిలో వెనక గది తీసుకునేటప్పుడు చప్పుడు గురించి మరీ గట్టిగా అడగండి.

చాలా దూరం నడవాల్సి వస్తుందా?

క్వీన్ మేరీ 2 పొడవు 345 మీటర్లు, ఐకాన్ ఆఫ్ ది సీస్ సుమారు 365 మీటర్లు. పెద్ద థియేటర్ తరచుగా ముందు కొసన ఉంటుంది. రాత్రి షోకి వెళ్లి రావడమంటే ఓడ పొడవంతా రెండుసార్లు నడవడమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే వెనక లిఫ్టులు మీ క్యాబిన్‌కు ఎంత దూరమో ప్లాన్‌లో చూడండి. తిండి విషయంలో లాభమే, బఫే, డైనింగ్ హాలు చాలా ఓడల్లో వెనకే ఉంటాయి. క్యాబిన్ కారిడార్ చివర ఉండడంతో తలుపు ముందు రాకపోకలు కూడా తక్కువ.

చిన్నపిల్లలతో వెళ్తున్నాం. క్షేమమేనా?

పక్క బాల్కనీకి ఎంత జాగ్రత్త కావాలో దీనికీ అంతే. అమెరికా 2010లో చేసిన చట్టం ప్రకారం ఆ దేశపు రేవుల్లో ప్రయాణికులను ఎక్కించి దింపే పెద్ద క్రూయిజ్ ఓడల్లో రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే 107 సెంటీమీటర్లు ఉండాలి. నిలబడ్డ పిల్లవాడికి అది చాలినంత ఎత్తే. కుర్చీ ఎక్కిన పిల్లవాడికి చాలదు. మీరు ఓడ ఎక్కగానే కుర్చీలు, టేబుల్ గోడ వైపుకి జరిపేయండి. పెద్ద బాల్కనీల్లో సామాను ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. తలుపుకు పైన పిల్లలకు అందని గడియ ఉందో లేదో చూసి, ఎప్పుడూ వేసి ఉంచండి. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల్ని బాల్కనీలో వదలొద్దు, ఒక్క నిమిషం కూడా.

వేళ్ల సంగతి కూడా చెప్పాలి. బాల్కనీ తలుపు, కారిడార్ తలుపు ఒకేసారి తెరుచుకుంటే గాలి దూసుకొచ్చి బరువైన తలుపును భయంకరమైన వేగంతో మూసేస్తుంది. ఎవరైనా తలుపు కొడితే ముందు బాల్కనీది మూసి, తర్వాత అది తీయండి.

రాత్రి బాల్కనీ తలుపు తీసి నిద్రపోవచ్చా?

అలల హోరు వింటూ పడుకోవాలని చాలామందికి ఉంటుంది. కానీ తలుపు తీస్తే చాలా ఓడల్లో ఏసీ దానంతటదే ఆగిపోతుంది, వేడి ప్రాంతాల్లో గది కాసేపట్లో తేమతో నిండిపోతుంది. పడుకునే ముందు కాసేపు బయట కూర్చుని, తర్వాత మూసేయడమే మేలు.

బాల్కనీలో సిగరెట్ కాల్చుకోవచ్చా?

చాలా కంపెనీలు నిషేధించాయి, పట్టుబడితే జరిమానా వేస్తాయి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. 2006 మార్చి 23న కరీబియన్‌లో స్టార్ ప్రిన్సెస్ ఓడలో ఒక బాల్కనీలో మొదలైన మంట అనేక డెక్కులకు పాకింది, ఒక ప్రయాణికుడు ప్రాణం కోల్పోయాడు. ఆరని సిగరెట్ ముక్కే కారణమై ఉండొచ్చని విచారణలో తేలింది. ఆ తర్వాతే బాల్కనీ సామాను, అడ్డుతెరలు, మంటను పసిగట్టే పరికరాల విషయంలో అంతర్జాతీయ నిబంధనలు గట్టిపడ్డాయి, 2008 జులైలో అమల్లోకి వచ్చాయి. పై డెక్ నుంచి బయటికి విసిరిన సిగరెట్ ముక్క గాలి సుడికి తిరిగి వెనక బాల్కనీల్లోకే వచ్చి పడగలదు. పైవాళ్లు విసురుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోకండి, వెంటనే సిబ్బందికి ఫోన్ చేయండి.

రాత్రిపూట ఏమైనా కనిపిస్తుందా?

నురుగు దారి వెన్నెల్లో చాలా బాగుంటుంది. నక్షత్రాల సంగతి వెనక డెక్ దీపాల మీద ఆధారపడుతుంది. పైన బఫే, బార్ ఉన్న ఓడల్లో ఆ వెలుతురు కిందికి పడుతూ ఉంటుంది. మీ బాల్కనీ దీపం, గదిలో దీపాలు ఆర్పేసి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టండి.

గ్యారంటీ రేటు తక్కువగా ఉంది. అది తీసుకుంటే వెనక క్యాబిన్ వస్తుందా?

గ్యారంటీలో మీరు రకానికి మాత్రమే డబ్బు కడతారు, నంబరు కంపెనీ ఇష్టం. వెనక బాల్కనీ కావాలనుకునేవాళ్లకు అది సరైన దారి కాదు. ఇవి ఒక్కో డెక్‌కు కొన్నే ఉంటాయి, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ముందే పట్టేస్తారు. ప్రయాణాలు అమ్మకానికి పెట్టిన తొలి రోజుల్లోనే నంబరుతో సహా తీసుకోండి. చివరి నిమిషం తగ్గింపు కోసం కాచుకుని కూర్చుంటే మిగిలేవి బఫే కింద ఉన్నవే.

నంబరు తీసుకున్నాక ఇంకో పని ఉంది. ఉచితంగా అప్‌గ్రేడ్ ఇస్తామంటూ కంపెనీ మిమ్మల్ని వేరే క్యాబిన్‌కు మార్చే వీలుంటుంది. వాళ్ల లెక్కలో ‘పై రకం’ అంటే ఓడ మధ్యలో ఉన్న పక్క బాల్కనీ కావచ్చు. నన్ను అడగకుండా మార్చవద్దు అని బుకింగ్‌లోనే నమోదు చేయించండి. పై రకం గదికి అదనంగా ఎంత కడతారో చెప్పమనే అప్‌గ్రేడ్ వేలం మెయిల్ వచ్చినా ఇదే ఆలోచించి జవాబివ్వండి.

పక్క క్యాబిన్ మావాళ్లదే. రెండు బాల్కనీలు కలపొచ్చా?

మధ్యలో ఉన్న అడ్డుతెర తలుపులా తెరుచుకునే రకమైతే స్టీవార్డ్ తీస్తారు. ఉక్కు గోడ అయితే కుదరదు. బుక్ చేసేటప్పుడే ఆ రెండు నంబర్లు చెప్పి అడగండి.

ఎవరు తీసుకోకపోవడమే మంచిది?

రోజుకో రేవులో దిగి, సాయంత్రం అలసిపోయి వచ్చి పడుకునే ప్రయాణమైతే ఈ బాల్కనీ మీకు పనికొచ్చేది తక్కువ. సముద్రంలోనే గడిచే రోజులు ఎక్కువున్న ప్రయాణానికి దీన్ని దాచుకోండి. చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవాళ్లు, గర్భిణులు, ఊపు పడనివాళ్లు ఓడ మధ్యలో ఉండడమే సుఖం. ముందు ఏం వస్తోందో చూడాలన్న ఆత్రం ఉన్నవాళ్లకు కూడా వెనక బాల్కనీ ఆనదు. కొత్త రేవు దగ్గరపడే వేళ వాళ్లు పైడెక్ ముందు భాగానికి పరుగెత్తుతూనే ఉంటారు.

ఎక్కాక క్యాబిన్ నచ్చకపోతే మార్పించుకోవచ్చా?

ఓడ నిండి ఉంటే కష్టం. అయినా మొదటి సాయంత్రమే గెస్ట్ సర్వీసెస్ దగ్గర పేరు నమోదు చేయించండి, ఎక్కాల్సినవాళ్లు రాకపోవడం వల్ల ఖాళీ అయిన గదులు అప్పుడే తేలతాయి. ఇబ్బంది ఏమిటో కచ్చితంగా చెప్పండి. ‘గది బాలేదు’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘రాత్రి పన్నెండు నుంచి రెండు దాకా పైన సామాను లాగుతున్నారు’ అంటే ఆ పని వేళలు మార్చడం వాళ్ల చేతిలో పని. సీలింగ్ పలక గలగలలాడుతుంటే మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి బిగిస్తారు. బాల్కనీ నీటి కాలువ మూసుకుపోయి నీళ్లు నిలిస్తే అదీ చెప్పండి. గదిలోకి వచ్చి చూడమని అడగడానికి మొహమాటపడకండి.